ధ్వనివాహక తీగెల దిశ

మైక్రోఫోను, ఆంప్లిఫయరు, స్పీకరు మున్నగు పరికరములను ఒకదానితో నొకటి కలుపు తీగెలను ధ్వనివాహక తీగెలనియు, వ్యవహారమున ఆడియో కేబులులనియు అందురు. ఇట్టి కేబులును ఊడదీసి, ఈ కొనను ఆవైపునకును ఆ కొనను ఈవైపునకును త్రిప్పి తగిలించినచో వినవచ్చు ధ్వనియందు భేదము కలుగునా, అనగా లోహతంతువునకు స్వభావసిద్ధమైన దిశ యొకటి కలదా, అను ప్రశ్న సుమారు అర్ధశతాబ్దముగా సంగీతప్రియులలోను విద్యుచ్ఛాస్త్రజ్ఞులలోను చర్చింపబడుచున్నది. ఆ వాదము పుట్టిన విధము, దానికి చూపబడు హేతువులు, భౌతికశాస్త్రము చెప్పు సమాధానము, దిశ నిజముగా లెక్కకు వచ్చు సందర్భములు, ఖరగ్‌పూరు రైల్వే పట్టణమందలి తాల్‌బగీచా వంటి పేటలలో మైకుసెట్టుల కెదురగు సమస్యలు, శ్రవణపరీక్షల పద్ధతి ఇందు వివరింపబడును. సంగ్రహముగా చెప్పవలసినచో, ధ్వనిమార్గమున దిశ యనునది పరికరముల యందును, కేబులు చివరల చేయబడు సంధానముల యందును ఉండునే గాని రాగియందు లేదు.

వాదము పుట్టుక

1970వ దశాబ్దమునకు పూర్వము స్పీకరు తీగెను గురించి ప్రత్యేకముగా ఆలోచించినవారు అరుదు; ఇంటి దీపములకు వాడు జంటతీగెయే స్పీకరునకును చాలునని ఎల్లరు భావించిరి. ఆ దశాబ్దమున ఫ్రాన్సునందు జాఁ హిరాగా తీగె మారిన ధ్వని మారుననుచు వ్యాసములు వ్రాయుటయు, దశాబ్దాంతమున అమెరికాలో నోయెల్ లీ మాన్‌స్టర్ కేబుల్ సంస్థను నెలకొల్పి లావైన స్పీకరు తీగెలను ప్రత్యేకమైన సరకుగా విక్రయింప నారంభించుటయు, 1980లో విలియం లో ఆడియోక్వెస్ట్ సంస్థను స్థాపించుటయు వరుసగా జరుగగా, అంతవఱకు పరికరముల వెనుక మఱుగుపడియున్న కేబులు సంగీతప్రియుని దృష్టిలో స్వతంత్రమైన యొక పరికరపు స్థాయి నందుకొనెను. పిమ్మట పలువురు తయారీదారులు కేబులు పైతొడుగుమీద బాణపు గుర్తులు ముద్రించి, బాణము మొన ధ్వని పోవువైపునకు ఉండునట్లు తగిలింపవలెనని సూచింపసాగిరి. ఆ బాణములలో కొన్నిటికి దృఢమైన సాంకేతిక కారణము కలదు. కొన్ని కేవలము రాగితంతువు స్వభావమును గురించిన విశ్వాసము నాశ్రయించినవి. ఈ రెండు విధములును ఒకే గుర్తుతో సూచింపబడుటయే వివాదము చాలవఱకు చిక్కుపడుటకు కారణము.

దిశావాదులు చూపు హేతువులు

దిశను సమర్థించువారి హేతువులు ముఖ్యముగా మూడు. మొదటిది తీగె తయారీకి సంబంధించినది: రాగికడ్డీని క్రమముగా సన్నగిలు రంధ్రములు గల అచ్చుల గుండ లాగి తీగెగా సాగదీయుదురు గనుక, లాగిన వైపునకు స్ఫటికకణములు ఒరిగియుండి, ప్రవాహమునకు ఒకవైపు సుగమముగను మఱియొకవైపు దుర్గమముగను ఉండునని వారి భావన. రెండవది, కణముల సరిహద్దులయందు పేరుకొను రాగి ఆక్సైడు పొరలు ప్రవాహమును ఒకే వైపునకు పోనిచ్చు ఏకధిక్కరణుల వలె పనిచేయునని చెప్పుట. మూడవది, ఎలక్ట్రానులు ఇటునటు ఊగిసలాడినను శక్తి మాత్రము ఎల్లప్పుడును ఆంప్లిఫయరు నుండి స్పీకరునకే ప్రవహించునని, కావున కేబులునకు వెనుకముందులు కలవని వాదించుట.

ఈ మూడింటిలోను కొంత సత్యము లేకపోలేదు. తీగె లాగబడుట నిజము, రాగి ఆక్సైడు ఏకధిక్కరణ గుణము కలదగుట నిజము, 1884లో జె. హెచ్. పాయింటింగ్ నిరూపించినట్లు విద్యుచ్ఛక్తి తీగె చుట్టునున్న క్షేత్రముల ద్వారమున జనకము నుండి భారము వైపునకు ప్రవహించుటయు నిజమే. ఈ సత్యముల నుండి తీయబడిన ఫలితము మాత్రము నిలుచునది కాదు.

భౌతికశాస్త్రపు సమాధానము

ధ్వనిసంకేతము ఏకాంతర ప్రవాహము. మానవుని చెవికి సెకనుకు 20 మొదలు 20,000 వఱకు గల ఆవృత్తులు వినవచ్చునందురు. ఒక్కొక్క ఆవృత్తిలో ప్రవాహము ఒకమారు ముందునకును ఒకమారు వెనుకకును పోవును. 1.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగితీగెలో 1 ఆంపియరు సాగునపుడు ఎలక్ట్రానుల సగటు జరుగుబాటు సెకనుకు మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే; సెకనుకు 1,000 ఆవృత్తుల స్వరమైనచో ఆ ఊగిసలాట విస్తారము మిల్లీమీటరులో లక్షవ వంతునకు మించదు. కాచి మెత్తబఱచిన రాగిలో స్ఫటికకణము సాధారణముగా మిల్లీమీటరులో నూఱవ వంతు పరిమాణము కలిగియుండును. అనగా, ఎలక్ట్రానుల అవిశ్రాంతమైన ఉష్ణచలనమును మినహాయించి చూచినచో, సంగీతము కలిగించు సగటు చలనము ఒక కణము వెడల్పులో వేయవ వంతుపాటి దూరమునందే ముందువెనుకలకు సాగుచుండును. పైగా ప్రతి కేబులునందును పోవు తీగె యొకటియు తిరిగివచ్చు తీగె యొకటియు నుండును. ఏ క్షణమున చూచినను ఒకదానిలో ప్రవాహము స్పీకరు వైపునకు, రెండవదానిలో ఆంప్లిఫయరు వైపునకు సాగుచుండునే కాని రెంటిలోను ఒకేవైపునకు సాగుట లేదు.

శక్తిప్రవాహము ఏకముఖమనుట ఒప్పుకొన్నను కేబులునకు దిశ సిద్ధింపదు. ధ్వనితరంగముల విషయమున లార్డ్ రేలీ ప్రతిపాదించినదియు, 1896లో హెచ్. ఎ. లోరెంట్జ్ విద్యుదయస్కాంత క్షేత్రములకు విస్తరింపజేసినదియు నగు పరస్పరత్వ సిద్ధాంతము ప్రకారము, రాగివంటి సాధారణ లోహములతో నిర్మితమై, ప్రవాహమునకును వోల్టేజికిని అనుపాతము చెడని యే నిష్క్రియ మార్గమైనను, జనకమును గ్రాహకమును తావులు మార్చుకొన్నపుడు సంకేతమును ముందటివలెనే అందించును. ఆలివర్ హెవిసైడ్ రూపొందించిన తంతిసమీకరణములయందు తీగెను వర్ణించునవి నిరోధము, ఇండక్టెన్సు, కెపాసిటెన్సు, పైతొడుగు గుండ కాఱు స్వల్పప్రవాహము అను నాలుగు రాశులు. తీగె పొడవునను ఏకరీతిగా పఱచుకొన్న ఈ నాలుగును ఏ కొన నుండి కొలిచినను అవియే. ఒకచోట తీగె సన్నబడినను, ఒక కొనకు చేరువగా అతుకున్నను, ఇంటిలో వాడు కేబులు విషయమున ఫలితము మారదు. ఏలయన 20,000 ఆవృత్తుల సంకేతమునకు కేబులునందలి తరంగదైర్ఘ్యము ఇంచుమించు 10 కిలోమీటర్లు కాగా, 2 మీటర్ల కేబులు అందులో అయిదువేలవ వంతు మాత్రమే యగును గనుక, దాని మొత్తము నిరోధము లెక్కకు వచ్చునే కాని ఆ నిరోధ మేచోట నున్నదను విషయము లెక్కకు రాదు.

ఏకధిక్కరణ వాదము మఱింత పరిశీలనకు తగినది. లోహమునకును కొన్ని ఖనిజములకును నడుమ ప్రవాహము ఒకవైపు అధికముగ సాగునని 1874లో ఫెర్డినాండ్ బ్రౌన్ కనుగొనెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో పరిశోధించిన జగదీశచంద్ర బోసు గెలీనా స్ఫటికమును తరంగశోధకముగా వాడి, దానికి 1904లో అమెరికా పేటెంటు పొందెను. రాగిపలకమీద ఆక్సైడు పొరను పెంచి ఏకధిక్కరణిగా మలచినవాడు ఎల్. ఓ. గ్రాండాల్, ఆ పని 1920వ దశాబ్దమున అమెరికాలో రైల్వే సిగ్నలులను తయారుచేయు యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీయందు జరిగినది. అయితే అట్టి ఏకధిక్కరణిని సాధించుటకు రాగిని గాలిలో ఎఱ్ఱగా కాల్చి, పొరను నిర్ణీతమైన మందమునకు పెంచి, దానిమీద వేఱొక వాహకమును గట్టిగా అదిమి నిలుపవలసియుండును. కేబులులో వాడు శుద్ధమైన రాగిలో స్ఫటికకణములు ఒకదాని నొకటి లోహముతో లోహముగానే అంటియుండును. ఒకవేళ నిజముగా సూక్ష్మమైన ఏకధిక్కరణులున్నను, అవి తీగెను త్రిప్పినపుడు మాత్రమే తెలియునవి కావు. ఏవైపు తగిలించినను సంకేతపు రూపము వికృతమై, మూలమున లేని హార్మోనికులు పుట్టవలెను. మంచి రాగితీగెలో ఆ వికారము, ఆంప్లిఫయరులును స్పీకరులును సహజముగా కలిగించు వికారముతో పోల్చదగినది కాదు. దిశ నాపాదించినవారు చూపవలసిన మొదటి సాక్ష్యము ఈ హార్మోనికులే.

తయారీపద్ధతియు దిశావాదమునకు అనుకూలింపదు. కర్మాగారములలో ధాతువు నుండి వేఱుచేసిన రాగి, శుద్ధియై కడ్డీగా మారి, అచ్చుల గుండ లాగబడి, ఉండనుండి ఉండకు చుట్టబడునపుడెల్ల దాని మొదలు తుదియై తుది మొదలగుచుండును. పిదప కాచి మెత్తబఱచునపుడు, లాగుటవలన సాగిన కణముల స్థానమున కొత్త కణములు పుట్టును. అట్టి మెత్తని రాగియొక్క వాహకత్వమునకు 1913లో అంతర్జాతీయ ప్రమాణము నిర్ణయింపబడినది. 20 డిగ్రీల సెల్సియసు వద్ద ఒక మీటరు పొడవును 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోతయు గల తీగె నిరోధము 0.01724 ఓము. ఆ ప్రమాణమున ఉష్ణోగ్రత పేర్కొనబడినది గాని, ఏ కొన నుండి కొలువవలెనో పేర్కొనబడలేదు. పేర్కొనవలసిన అవసరము కలుగలేదు.

దిశ నిజముగా లెక్కకు వచ్చు సందర్భములు

ఇంత చెప్పినమీదట, కేబులును త్రిప్పినచో ధ్వని మారు సందర్భములు కొన్ని కలవని స్పష్టముగా చెప్పవలెను. వానిలో ప్రధానమైనది షీల్డు ఒక కొనననే కలుపబడిన కేబులు. రెండు లోపలితీగెలును వాని చుట్టు అల్లిన లోహపు షీల్డును గల కేబులులో, సంకేతము రెండు లోపలితీగెల మీదుగా పోవుచుండగా, షీల్డును పంపు పరికరము వైపు మాత్రమే కలిపి అవతలివైపు విడిచివేయుట యొక పద్ధతి. ఉభయ పరికరములును వేఱువేఱు ప్లగ్గుల నుండి ఎర్తు తీసికొనునపుడు, ఆ రెండు ఎర్తులకు నడుమనుండు స్వల్పమైన వోల్టేజి షీల్డు గుండ ప్రవాహమును నడిపించి, సెకనుకు 50 లేక 100 ఆవృత్తుల హోరును సంకేతములో చేర్చును; దీనినే మైకుసెట్టువారు హమ్మింగు అందురు. షీల్డు ఒక కొన తెగియున్నచో ఆ ప్రవాహమునకు త్రోవ యుండదు. ఇట్టి కేబులును త్రిప్పినచో షీల్డు పంపు పరికరమును విడిచి అందుకొను పరికరముతో కలియును గనుక, రేడియోతరంగముల చొఱబాటులోను హోరులోను భేదము కలుగవచ్చును. ఇచ్చట బాణపు గుర్తు సార్థకము.

వృత్తిపరమైన మూడుపిన్నుల సమతుల్య సంధానములలో మాత్రము షీల్డును ఉభయకొనలందును పరికరపు లోహపుపెట్టెకే నేరుగా కలుపుట మేలని తేలినది. 1995లో నీల్ మన్సీ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసము, షీల్డును పెట్టెకు గాక లోపలి సర్క్యూటు ఎర్తునకు కలుపుటయే పెక్కు పరికరములందలి హోరునకు మూలమని నిరూపింపగా, ఆ సంఘము 2005లో ఏ.ఇ.ఎస్.48 అను ప్రమాణమును వెలువరించెను. అట్లు సక్రమముగా నిర్మింపబడిన పరికరముల నడుమ కేబులు దిశయొక్క ప్రసక్తియే యుండదు. ఒక కొన పిన్నులును ఒక కొన రంధ్రములును ఉండుటచేత అది ఒకేవిధముగా తగులునుగాని, ఆ నియమము సంధానముల సౌలభ్యము కొఱ కేర్పడినది.

దిశతో తఱచు పొరబడునది పోలారిటీ. స్పీకరునకు పోవు రెండు తీగెలలో ధనమును ఋణమును తారుమారగుట కేబులు కొనలు తారుమారగుట కంటె వేఱైన విషయము. ఒక జత స్పీకరులలో ఒక్కదాని పోలారిటీ మాత్రమే తారుమారైనచో, ఒకటి గాలిని ముందునకు నెట్టునపుడు మఱియొకటి వెనుకకు లాగును గనుక, మంద్రస్వరములు పరస్పరము రద్దై మృదంగపు తొప్పి నాదము సన్నగిలిపోవును. గాయకుని కంఠము రెండు స్పీకరుల నడుమ నిలువక చెదరిపోవును. ఈ భేదము ఎవ్వరికైనను వినవచ్చును. కేబులును త్రిప్పి మరల తగిలించు తొందరలో రంగుగుర్తు సరిచూడనివారు ఈ భేదమును విని దిశాభేదమని భావించుట కవకాశము కలదు.

లోపల ఎలక్ట్రానిక్ భాగములు గల కేబులులు, ముఖ్యముగా విద్యుత్సంకేతమును కాంతిగా మార్చి గాజుతంతువు గుండ పంపు హెచ్.డి.ఎం.ఐ. కేబులులు, నిస్సందేహముగా దిశ కలవి. త్రిప్పినచో అవి పనిచేయనే పనిచేయవు.

ఖరగ్‌పూరున, తాల్‌బగీచాన

బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు వఱకు విస్తరించిన కాలము నుండి శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతముల తెలుగువారు ఖరగ్‌పూరు వర్కుషాపులందును, లైనులమీదను పనులకు వచ్చి స్థిరపడుటచేత, ఆ పట్టణమున తెలుగు నేటికిని వీధులలో వినవచ్చు భాష. 1951లో ఆరంభమైన ఐ.ఐ.టి. ఆవరణకు చేరువనున్న తాల్‌బగీచా ఆ పట్టణపు పేటలలో నొకటి. మాతాపూజలు, శ్రీరామనవమి పందిళ్ళు, బెంగాలీల దుర్గాపూజలు సాగు ఈ పట్టణమున ధ్వనివాహక తీగె యనగా గదిలోని రెండు మీటర్ల కేబులు కాదు. వీధి పొడవునను వెదురుగడలకు కట్టిన హారను స్పీకరుల వఱకు సాగు తీగె. రైల్వేలతో పెరిగిన యీ పట్టణము తీగెల స్వభావమును ఎఱుగుటకు మంచి తావు.

రైల్వే కంట్రోలు టెలిఫోనును తలంచినచో దిశావాదమునకు సమాధానము అందులోనే కానవచ్చును. కంట్రోలరును దారిపొడవునగల స్టేషను మాస్టరులును ఒకే జంటతీగెమీద మాటలాడుకొనిరి. కంట్రోలరు మాట స్టేషనునకును, స్టేషను మాట కంట్రోలరునకును అదే రాగిమీద ఎదురెదురుగా పోయినది. దూరము పెరిగి నడుమ ఆంప్లిఫయరులు ప్రవేశపెట్టవలసి వచ్చినపుడు పోవుటకొక జంట, వచ్చుటకొక జంటగా నాలుగుతీగెల పద్ధతి అవసరమైనది; ఏలయన ఆంప్లిఫయరు ఒకవైపునకే పనిచేయును. భూమిలో పఱచు రైల్వే కేబులునకు ఏ-కొన, బి-కొన అను గుర్తులుండుట నిజమేకాని, అవి లోపలితీగెల రంగుల వరుస అతుకులవద్ద సరిపడుట కొఱ కేర్పడినవి. ఒకదాని ఏ-కొన మఱియొకదాని బి-కొనను కలియునట్లు పఱతురు. అట్లే పట్టాలమీద రైలుండుటను తెలుపుటకై ఏకముఖ ప్రవాహముతో పనిచేయు ట్రాక్ సర్క్యూటులందు పక్కపక్క ఖండములకు పోలారిటీ వ్యతిరేకముగా నుంచుట, నడుమనున్న ఇన్సులేషను చెడినపుడు ఆ లోపము బయటపడుట కొఱకు. దిశ, పోలారిటీ, కొనల గుర్తు అను మూడును వేఱువేఱని సిగ్నలు శాఖ పనివాడు ఎఱుగును.

ఈ ప్రాంతపు రైలుమార్గములు 25,000 వోల్టుల, సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తుతో నడచునవి. అట్టి మార్గము ప్రక్కనున్న టెలిఫోను తీగెలలో ప్రేరణవలన రొద పుట్టకుండుటకై రైల్వేలవారు బూస్టరు ట్రాన్స్‌ఫార్మరులను, అల్యూమినియము తొడుగు గల కేబులులను వాడి, ఆ తొడుగులకు ఎర్తు చేయుదురు. ఇచ్చట సంకేతమును కాపాడునవి షీల్డు, ఎర్తు, జంటతీగెల మెలిక. తీగెను త్రిప్పి రొదను పోగొట్టిన పద్ధతి ఏ రైల్వే శాఖయందును లేదు.

పందిరిలో మైకుసెట్టును సిద్ధముచేయు విధమును దగ్గఱగా చూచినచో ఇదియే బోధపడును. మిక్సరు వేదికయొద్ద ఒక ప్లగ్గునుండియు, ఆంప్లిఫయరు దూరమున వేఱొక ప్లగ్గునుండియు విద్యుత్తు తీసికొనగా హారనులు హోరుమనును. అనుభవజ్ఞుడు రెంటిని ఒకే ఎక్స్‌టెన్షను బోర్డునకు మార్చును. అట్లును తగ్గనిచో లోపలితీగెలు రెండు గల కేబులు తీసికొని, ఆంప్లిఫయరు వైపు పిన్నువద్ద షీల్డును విడదీసి టేపు చుట్టును. విద్యుత్తు ప్లగ్గుయొక్క ఎర్తుపిన్నును మాత్రము ఎన్నడును తీయరాదు. అది ప్రాణరక్షణ కుద్దేశింపబడినది. వోల్టేజిని హెచ్చించి ప్రవాహమును తగ్గించుటకై హారనుల లైనునకు వాడు 100 వోల్టుల పద్ధతియు ఇట్టి వివేకమే. 200 మీటర్ల దూరమున, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగెకు రానుపోను నిరోధము 4.6 ఓములు, 8 ఓముల స్పీకరును నేరుగా కలిపినచో తీగెనష్టము లేనప్పుడు అందవలసిన శక్తిలో నూటికి 40 వంతులే అందును. అదే దూరమున 100 వోల్టుల లైనుమీద 100 వాట్ల భారమునకు నష్టము 0.4 డెసిబెలు మాత్రమే.

ఋతుభేదము సైతము దిశకంటె బలవత్తరమైనది. రాగి నిరోధము డిగ్రీకి నూటికి 0.39 వంతు చొప్పున పెరుగును గనుక, ఉష్ణోగ్రత 20 నుండి 40 డిగ్రీలకు పెరుగు వేసవి మధ్యాహ్నమున పైని చెప్పిన లావుగల 10 మీటర్ల స్పీకరు తీగె రానుపోను నిరోధము 0.23 ఓము నుండి 0.25 ఓమునకు పెరిగి, ధ్వని 0.02 డెసిబెలు తగ్గును. చెవి దీనిని పట్టజాలదు, కాని మీటరు పట్టగలదు. దిశను త్రిప్పినపుడు మీటరునకు ఈపాటి మార్పును కానరాదు. వర్షాకాలపు తేమలో ప్లగ్గుల మీద పట్టు మకిలి మఱింత ముఖ్యమైనది. మకిలిపట్టిన కలయికలో నిరోధము అస్థిరమై, కొన్నిట ఏకధిక్కరణ గుణమును పుట్టి, గరగరయు రేడియోధ్వనులును వినవచ్చును. కేబులును ఊడదీసి త్రిప్పి తగిలించునపుడు లోహము లోహముతో రాచుకొని ఆ మకిలి తొలగును. ధ్వని నిజముగనే శుభ్రపడును. విన్నవాని చెవి తప్పు చెప్పలేదు. కాని ఆ గుణము దిశకు గాక రాపిడికి చెందినది. కేబులును త్రిప్పక ఊడదీసి అట్లే తగిలించినను అదియే ఫలితము కలుగును.

శ్రవణపరీక్షలు

విన్నానని చెప్పువాని మాటను త్రోసిపుచ్చుట శాస్త్రపద్ధతి కాదు. దానిని పరీక్షించుట శాస్త్రపద్ధతి. 1950లో బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సన్, గార్డ్‌నర్ ప్రతిపాదించినదియు, 1982లో డేవిడ్ క్లార్క్ ధ్వనిపరికరముల పరీక్షకు తీర్చిదిద్దినదియు నగు ఏ-బి-ఎక్స్ పద్ధతిలో, శ్రోతకు ఏ, బి అను రెండు ధ్వనులు వినిపించి, పిదప వానిలో నొకదానిని ఎక్స్ అను పేర వినిపించి, అది యేదియో చెప్పుమందురు. ఎక్స్ ఏదియో శ్రోతకుగాని పరీక్ష నడుపువానికిగాని తెలియరాదు. ఉభయముల ధ్వనిస్థాయి 0.1 డెసిబెలు లోపుగ సరిపోవలెను. 16 పర్యాయములలో 12 లేక అంతకుమించి సరిగా చెప్పినచో, అది కేవలము ఊహవలన జరుగు సంభావ్యత నూటికి 4 లోపుగ నుండును గనుక, భేదము వినవచ్చినదని అంగీకరింపవచ్చును. కేబులుల నడుమ భేదములను కొలిచిన ఫ్రెడ్ డేవిస్ 1991లో చూపినట్లు, నిరోధము, ఇండక్టెన్సు, స్పీకరు స్వభావము కలిసి కొన్ని కొలవదగు మార్పులు కలిగించును. అవి తీగెయొక్క లావునకును అమరికకును చెందినవి.

పరికరములతో చేయదగిన పరీక్ష మఱియొకటి కలదు. ఒకే సంగీతఖండమును కేబులు ఒకవైపు తగిలించి ఒకమారు, త్రిప్పి ఒకమారు కంప్యూటరులోనికి రికార్డు చేసి, కాలమును స్థాయిని సరిపఱచి, ఒకదానిని తలక్రిందులు చేసి రెంటిని కలిపినచో, సమానమైన భాగమంతయు రద్దై భేదము మాత్రమే మిగులును. ఆ మిగిలిన దానిలో సంగీతము వినవచ్చినచో దిశావాదమునకు బలము. పరికరపు సహజమైన రొద మాత్రమే వినవచ్చినచో తీగె రెండువైపులను ఒకటే. అదే దిశలో రెండుమార్లు రికార్డుచేసి పోల్చుటయు అవసరము. అప్పుడే పరికరపు స్వంత చాంచల్యము ఎంతయో తెలియును. ఇది కళాశాల విద్యార్థి ఒక సాయంకాలమున చేయగల పని.

నిర్ణయము

సాధారణ నిర్మాణము గల రాగికేబులును త్రిప్పుటవలన ధ్వనినాణ్యత మారుటకు సిద్ధాంతమునగాని కొలతలయందుగాని ఆధారము లేదు. షీల్డు ఒక కొనననే కలిసిన కేబులునకును, లోపల పరికరము గల కేబులునకును బాణపు గుర్తును తప్పక పాటింపవలెను. తక్కినచోట్ల ధ్వని బాగుపడవలెనని కోరువాడు ధనమును శ్రద్ధను వెచ్చింపదగిన క్రమ మిది: మొదట స్పీకరును దానిని నిలుపు తావును ఎంచుకొనుట, పిదప పోలారిటీ సరిచూచుట, ఎర్తు సక్రమముగా నుంచుట, దూరమునకు తగిన లావుగల తీగె వాడుట, ప్లగ్గులను శుభ్రముగా నుంచుట. సంగీతము మీది ప్రేమయే మనుష్యుని తీగె దిశను గూర్చి సైతము విచారింపజేసినది. ఆ ప్రేమ గౌరవింపదగినది. దానిని సరియైన కారణము వైపునకు మరల్చినచో, అల్పవ్యయముతోనే తాల్‌బగీచా పందిరిలోను, సామాన్యుని ఇంటిలోను పాట స్పష్టముగా వినవచ్చును.